యూకేలో 66 దాటాక పక్షవాతం వస్తే రాకపోకలకు సాయం దొరుకుతుందా?

నమస్కారం అండి. ఇంగ్లండ్‌లో ఇంట్లో పెద్దవాళ్లను చూసుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

మా నాన్నగారు ఇక్కడే పనిచేసి రిటైరయ్యారు. 66 నిండిన కొన్నాళ్లకే పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. స్టేట్ పెన్షన్ వయసు (నాన్నగారికి 66) దాటితే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌కి, అంటే వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే భృతికి, కొత్తగా అప్లై చేయనివ్వరు. దాని బదులు అటెండెన్స్ అలవెన్స్ ఉంది, 2025-26లో వారానికి 73.90 లేదా 110.40 పౌండ్లు. కానీ అది స్నానం, బట్టలు, పక్కన మనిషి ఉండటం లాంటి అవసరాలకే. బయటికి నడిచి వెళ్లలేకపోవడం అందులో లెక్కలోకి రాదు. దాని మీద మోటబిలిటీ కారు (వైకల్యం ఉన్నవాళ్లు భృతి డబ్బుతో లీజుకి తీసుకునే కారు) ఇవ్వరు, రోడ్ ట్యాక్స్ మినహాయింపూ లేదు. ఇదే జబ్బు ముందే వచ్చి, 66 లోపే ఆ పేమెంట్ మొదలై ఉంటే, తర్వాత కూడా కొనసాగేది! ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తోంది.

బ్లూ బ్యాడ్జ్‌కి (వైకల్యం ఉన్నవాళ్లకి ఇచ్చే పార్కింగ్ పర్మిట్) వయసుతో పని లేదు కాబట్టి అప్లై చేశాం. నా టెన్షన్ అంతా ప్రయాణాల గురించే. ఫిజియోథెరపీకి, గుడికి ప్రతిసారీ టాక్సీ అంటే మా వల్ల కావట్లేదు. ఆయన మెల్లగా ఇల్లు కదలడమే మానేస్తున్నారు.

వీల్‌చైర్ ఎక్కే కారు కొనడానికి ఛారిటీల నుంచి మీలో ఎవరికైనా గ్రాంటు వచ్చిందా? మీ కౌన్సిల్ టాక్సీ ఛార్జీల్లో రాయితీ ఇస్తోందా? ఎవరిని అడగాలి?