పాత యాషికా లెన్స్‌లో బూజు, బీరువాలో చెమ్మ: ఏం చేయాలి?

కావలి కుర్రాడు:
మాది కావలి, సముద్రం దగ్గరే. తాతయ్య వాడిన యాషికా ఎలక్ట్రో 35 ఫిల్మ్ కెమెరా తోలు కేసుతో సహా బీరువాలో చీరల కింద ఉండిపోయింది. మొన్న ముసురు వదిలాక తీసి, సెల్ టార్చి ఏటవాలుగా వేసి చూస్తే లెన్స్ లోపల అంచు నుంచి మధ్యకి సాలెగూడులాంటి సన్న పోగులు పాకి ఉన్నాయి. వెనక తలుపు అంచున ఉన్న నల్ల స్పాంజి వేలికి జిగటగా అంటుకుంటోంది. అమ్మ వెంకటగిరి చీరల జరీ కూడా నల్లబడుతోంది. కెమెరాని బియ్యం డబ్బాలో పెట్టమని ఒకరు, ఎండలో పెట్టమని ఇంకొకరు అంటున్నారు. ఏది చేయాలన్నా టెన్షన్‌గా ఉంది.

నెల్లూరు స్టూడియో:
బియ్యంలో మాత్రం వద్దు తమ్ముడూ. అది పీల్చే తేమ కొంచెమే, పిండి దుమ్ము మాత్రం లెన్స్ రింగుల్లోకి పోతుంది. నువ్వు చూసింది బూజే. గాలిలో తేమ 60-65 శాతం దాటి, చీకటిగా, గాలి ఆడకుండా ఉంటే చాలు పెరుగుతుంది, మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు వచ్చే కాలమంతా దానికి పండగే. ముందు తోలు కేసు విడదీసెయ్. తోలు చెమ్మని పట్టుకుని ఉంటుంది, బూజుకి తిండీ అదే. బూజు వదిలే ఆమ్లం లెన్స్ కోటింగ్‌ని తినేస్తుంది, ఆలస్యమైతే తుడిచినా మచ్చ పోదు, కాబట్టి తెలిసిన మెకానిక్ చేత త్వరగా విప్పించి శుభ్రం చేయించు. స్పాంజి వెలుతురు లోపలికి రాకుండా వేసేది, వయసుకీ చెమ్మకీ అలా కరుగుతుంది, కొత్తది అతికించవచ్చు.

కావలి కుర్రాడు:
థాంక్స్ అన్నా. మరి ఎండ సంగతి?

నెల్లూరు స్టూడియో:
ఉదయం ఎండ బూజుని కొంత ఆపుతుంది, ఉన్న మచ్చని తీయదు. ఎలక్ట్రో 35లో షట్టర్ (ఫొటో తీసేటప్పుడు తెరుచుకుని మూసుకునే తెర) లెన్స్‌లోనే ఉంటుంది. జోర్కి లాంటి పాత సోవియట్ కెమెరాలకి మాత్రం షట్టర్‌గా లోపల గుడ్డ తెర ఉంటుంది, లెన్స్‌ని సూర్యుడి వైపు తిప్పి పెడితే దానికి చిల్లు పడొచ్చు. మిట్టమధ్యాహ్నం ఎండ దేనికీ వద్దు.

ఒంగోలు అక్క:
శుభ్రం చేయించాక మళ్లీ అదే బీరువాలో పెడితే మళ్లీ వస్తుంది. మూతకి రబ్బరు వాషర్ ఉన్న ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ తెచ్చుకో, లోపల తేమ 40-50 శాతం ఉంటే చాలు. స్టీలు డబ్బా మూత గాలిని ఆపదు. జెల్ కాషాయం రంగుది కొను, తేమ పీల్చి ముదురు ఆకుపచ్చకి తిరిగితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టుకుని మళ్లీ వాడొచ్చు. నీలం రంగు దాంట్లో కోబాల్ట్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఏసీ గదిలోంచి కెమెరాని బయటకి తెచ్చేటప్పుడు సంచిలోనే కాసేపు ఉంచి తీయి, లేకపోతే గాజు మీద నీటి ఆవిరి పడుతుంది.

మార్కాపురం మనిషి:
మా వైపు కథ వేరు, వేసవిలో గాలి ఎండిపోయి పాత కెమెరాల తోలు పగులుతుంది, గ్రీజు గట్టిపడుతుంది. కాబట్టి డబ్బాలో తేమని 30 శాతం కన్నా కిందకి దించకండి. బీరువాని గోడకి ఆనించకుండా జానెడు జరపండి. జరీ చీరలని మెత్తటి కాటన్ గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడూ మడతలు మార్చండి, కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. తాతయ్య నెగెటివ్‌లు కూడా ఉంటే ఇప్పుడే తీసి చూడు తమ్ముడూ, వెనిగర్ వాసన వస్తే అవి పాడవడం మొదలైనట్టే, వాటిని మిగతా వాటి నుంచి వేరు చేసి ముందు స్కాన్ చేయించు.