అప్లైడ్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీకి మ్యాథ్స్ ఎంత కావాలి?

ఎంఏ ఎకనామిక్స్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను, అప్లైడ్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీకి అప్లై చేద్దామనుకుంటున్నా. కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, స్టాటిస్టిక్స్ చదివాను గానీ రియల్ అనాలిసిస్ (నిరూపణల మీద నడిచే పైస్థాయి మ్యాథ్స్) జోలికి పోలేదు, అది లేకపోతే అప్లికేషన్ పక్కన పెట్టేస్తారా, లేక థియరీ వైపు వెళ్లేవాళ్లకే అంత అవసరమా? జీఆర్‌ఈ తప్పనిసరి కాని చోట కూడా క్వాంట్ (మ్యాథ్స్ భాగం) స్కోరు బాగుంటే పంపడమే మేలా?

అసలు టెన్షన్ మొదటి ఏడాది మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్ అయ్యాక రాసే క్వాలిఫైయింగ్ పరీక్ష గురించి. ఫెయిలైతే రెండో ఛాన్స్ ఇస్తారా, మాస్టర్స్ చేతిలో పెట్టి పంపేస్తారా? థీసిస్‌కి మూడు విడివిడి పేపర్లు కలిపి ఇస్తే చాలట (నాకైతే అదే నయం), నిజమేనా?

సిఫార్సు లేఖలు మూడూ ప్రొఫెసర్లవే ఉండాలా, డేటా పని చేసిన చోటి మేనేజర్‌ది ఒకటి పెట్టొచ్చా? ఈ మధ్య చేరినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.