స్మోక్ ఫిల్మ్ ఉంచుకుని డిమ్ (లో బీమ్) వెలుగు పెంచొచ్చా?

కారు హెడ్‌లైట్లకి లేత స్మోక్ ఫిల్మ్ (నల్లరంగు పొర), లోపల హెచ్4 (హై, లో బీమ్ ఒకే బల్బులో ఉండే రకం) ఎల్ఈడీలు, 6000 కెల్విన్ల తెల్ల వెలుగు. పగలు చూడ్డానికి బాగానే ఉంది. కోనసీమ కాలవగట్ల మీద మంచు పడితే ఎదురుగా తెల్లగోడే, గట్టు అంచు కనపడదు. ఎదుటివాళ్లేమో డిప్పర్ కొడుతున్నారు.

రిఫ్లెక్టర్ 60/55 వాట్ల ఫిలమెంట్‌ కోసం చేసింది, ఎల్ఈడీ చిప్ సరిగ్గా ఆ చోటే కూర్చోకపోతే వెలుగు చెదురుతుందని తెలుసు. బల్బు కాలర్ (హోల్డర్‌లో కూర్చునే రింగు) తిప్పి చిప్‌లు పక్కలకి చూసేలా పెట్టాను. 5 మీటర్ల దూరంలో గోడ మీద కటాఫ్ (వెలుగు పై అంచు గీత) బల్బు ఎత్తుకన్నా 5 సెంటీమీటర్లు దించాను. అయినా పైకి చిమ్ముతూనే ఉంది.

హాలోజెన్‌కి మారదామంటే ఇంజిన్ ఆన్‌లో, లైటు వెలుగుతుండగా హోల్డర్ దగ్గర 11.8 వోల్టులే. బ్యాటరీ నుంచి రిలే (లైటుకి కరెంటు నేరుగా పంపే స్విచ్), 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే ఫిల్మ్ మింగే వెలుగు తిరిగొస్తుందా, ఫిల్మ్ పీకాల్సిందేనా? ప్రొజెక్టర్లు (లెన్సుతో వెలుగు పంపే యూనిట్లు) పెట్టించినవాళ్లు, మన తేమకి లోపల చెమ్మ పట్టకుండా హెడ్‌లైట్ అద్దం దేంతో అతికించారో చెప్పండి.