లొకేషన్ దొరకడమంటే చోటు దొరకడమా, తేదీ దొరకడమా?

కొండగాలి
ల్యాండ్‌స్కేప్ ఫోటో ఏది పెట్టినా కింద వచ్చే మొదటి ప్రశ్న "ఎక్కడ తీశారు?". "ఎప్పుడు తీశారు?" అని అడిగేవాళ్లు ఎప్పుడో గానీ తగలరు. నన్నడిగితే రెండోదే అసలు ప్రశ్న. చోటొక్కటే తెలుసుకుని వెళ్తే కొండ కనిపిస్తుంది గానీ ఆ ఫోటో దొరకదు.

సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి. మిగతా ఏడాదంతా ఉత్తరానికో దక్షిణానికో జరుగుతూనే ఉంటాడు. భూమధ్యరేఖ దగ్గర ఆ జరుగుడు అటూ ఇటూ 23 డిగ్రీల పైచిలుకు. 50వ అక్షాంశం దగ్గరికెళితే 38 డిగ్రీలు. అంటే జూన్ పొద్దుటి ఎండలో వెలిగిపోయిన లోయ గోడ డిసెంబరులో రోజంతా నీడలో ఉండిపోవచ్చు. అమెరికాలోని యోసెమిటీ పార్కులో హార్స్‌టెయిల్ ఫాల్ అని ఒక జలపాతం ఉంది, ఏడాదిలో ఎక్కువ రోజులు దాన్ని పట్టించుకునేవాళ్లుండరు. ఫిబ్రవరి రెండో సగంలో కొన్ని సాయంత్రాలు మాత్రం చివరి ఎండ సరిగ్గా ఆ నీటి మీదే పడి, కొండ మీంచి నిప్పు జారుతున్నట్టు ఉంటుంది. అదీ జలపాతంలో నీళ్లుంటే, పడమర మబ్బు లేకపోతే. ఫోటోగ్రాఫర్ గేలెన్ రోవెల్ దాన్ని 1973లో తీశాడు. ఇప్పుడు ఆ రోజుల్లో అక్కడ ట్రైపాడ్ పెట్టడానికి జాగా ఉండదు.

మీరంతా చోట్లు ఎలా వెతుకుతారు? గేర్ గురించీ చెప్పండి. ఏ కంపెనీ గొప్ప అన్న గొడవ మాత్రం వద్దు, దానికి వేరే చర్చలు బోలెడు ఉన్నాయి.

మ్యాప్‌పిచ్చోడు
నేను సగం వెతుకులాట కుర్చీలోంచే చేస్తా. కాంటూర్ గీతలున్న (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) మ్యాప్ చదవడం వస్తే చాలు. గీతలు ఒకదాన్నొకటి రాసుకున్నట్టు ఉంటే అక్కడ కొండ నిటారుగా ఉన్నట్టు. వాటిని అడ్డంగా కోస్తూ ఒక వాగు గీత పోతుంటే జలపాతం ఉండే అవకాశం బాగా ఎక్కువ. చుట్టూ గట్లున్న చిన్న చెరువైతే గాలి తక్కువ తగులుతుంది, ప్రతిబింబం నిలుస్తుంది. పెద్ద సరస్సులో ఆ ఆశ పెట్టుకోవద్దు.

తర్వాత సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు. ఉచితం. దాదాపు 5 రోజులకోసారి కొత్తవి వస్తాయి, 10 మీటర్ల దాకా వివరం తెలుస్తుంది. చెరువులో నీళ్లున్నాయా, ఎండిందా, అడవి రంగు మారిందా అన్నది అందులో చూసుకునే బయల్దేరతా. గూగుల్ ఎర్త్‌లో నేలమట్టానికి దిగి కొండల వరస ఎలా కనిపిస్తుందో చూడొచ్చు గానీ, అక్కడి చెట్లను నమ్మొద్దు. తెరమీద విశాలంగా కనిపించే చోట నిజంగా వెళ్లి నిలబడితే ముందు గుబురు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు.

ఇంకో అలవాటు: జనం ఫోటోలు ఏ చోట గుంపుగా ఉన్నాయో చూసి, ఆ కొండకు అవతలి వైపు నుంచి దారి ఉందేమో వెతుకుతా.

కొత్తకెమెరా
అందరికీ నమస్కారం అండీ. నా దగ్గర ఏపీఎస్-సీ బాడీ (కాస్త చిన్న సెన్సర్ ఉన్న కెమెరా), దాంతో వచ్చిన 18-55 ఎంఎం లెన్స్ ఉన్నాయి. ముందు విశాలంగా చూపే మంచి వైడ్ లెన్స్ కొనమంటారా, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్‌ కెమెరాకి మారమంటారా?

మూడోకాలు
రెండూ వద్దు. ట్రైపాడ్ కొను తమ్ముడూ.

నా పేరు చూసి పక్షపాతం అనుకోకు. మంచి వెలుగు ఉండేది సూర్యుడు దిగంతానికి ఆనుకుని ఉన్నప్పుడు, ఇంకా కిందికి జారినప్పుడు. ఆ వేళకి షట్టర్ సెకన్ల పాటు తెరిచి ఉంచాల్సి వస్తుంది, చేత్తో పట్టుకుని తీయలేవు. కొనేటప్పుడు చూడాల్సింది నడిమి స్తంభం లేపకుండానే నీ కంటి ఎత్తుకి వస్తుందా అన్నది. స్తంభం పైకి లేపావంటే మూడు కాళ్ల మీద ఒంటికాలు నిలబెట్టినట్టే. మరీ తేలికదైతే గాలికి వణుకుతుంది, మరీ బరువుదైతే ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ రెంటిలో ఇంట్లో ఉండిపోయేదే ఎక్కువ నష్టం.

ట్రైపాడ్ ఎక్కించాక లెన్స్‌లో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఆపెయ్, 2 సెకన్ల టైమర్ పెట్టుకో. ఉప్పునీళ్లలో దింపితే అదే రోజు మంచినీళ్లతో కడుగు, లేకపోతే కాళ్ల తాళాలు పట్టేస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎవరూ చెప్పరు: ట్రైపాడ్ ఎత్తు కూడా కంపోజిషనే. చాలామంది కాళ్లు పూర్తిగా లాగి కంటి ఎత్తులో పెట్టేసి మర్చిపోతారు. ముందున్న రాయి నెత్తి వెనకాల గట్టు గీతకు అంటుకుంటోందా? ఒక జానెడు పైకి లేపు, రెండూ విడిపోతాయి. మధ్యలో ఖాళీ నీళ్లు మరీ ఎక్కువ కనిపిస్తున్నాయా? కిందికి దించు. ఈ పని ఏ లెన్సూ చేయదు, తర్వాత సాఫ్ట్‌వేర్‌లోనూ కుదరదు.

నీలిగంట
మూడోకాలు గారు చెప్పింది నిజమే, కానీ నేనైతే రెండోదిగా పోలరైజర్ (లెన్స్ ముందు బిగించి తిప్పే ఫిల్టర్) కొనమంటాను. ఆకాశాన్ని ముదురు చేయడానికి కాదు, అది కంప్యూటర్లోనూ చేసుకోవచ్చు. తడి ఆకుల మీద, తడి రాళ్ల మీద తెల్లగా మెరిసే జిగిని తీసేయడానికి. ఆ మెరుపు కింద ఉన్న రంగు ఫైల్‌లోకి రాకపోతే తర్వాత దాన్ని ఎక్కడినుంచి తెస్తాం?

ఆకాశం మీద దాని పట్టు ఎక్కువగా ఉండేది సూర్యుడికి 90 డిగ్రీల పక్కన. చూపుడువేలు సూర్యుడి వైపు పెట్టి, బొటనవేలు నిటారుగా చాపి మణికట్టు తిప్పండి. బొటనవేలు చూపించే పట్టీ అంతా ఆ ప్రాంతమే. బాగా వైడ్ లెన్స్‌తో అయితే ఆకాశంలో ఒక ముక్క నల్లగా, పక్కన తెల్లగా వచ్చి మరక పడినట్టు ఉంటుంది, జాగ్రత్త. ఇంద్రధనుస్సు కనిపించినప్పుడు దాన్ని తిప్పి చూడండి, ఒక చోట ధనుస్సే మాయమైపోతుంది!

మూడోకాలు
నీలిగంట గారితో నాకు పేచీ లేదు. ఎన్‌డి ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్ల అద్దం) కూడా అడుగుతావు గనక ముందే చెప్తా: ఒక్కో స్టాప్‌కి వెలుగు సగమవుతుంది, 10 స్టాప్‌లది అంటే 1024 రెట్లు తగ్గుతుంది. మామూలుగా 1/30 సెకను వచ్చే చోట 34 సెకన్లు. ప్రతి జలపాతాన్నీ పాలలా చేయడం నాకు మాత్రం విసుగు. నీళ్లలో కండ కనిపించాలంటే అర సెకను దగ్గర ఆగితే చాలు, దానికి సాయంత్రం నీడా పోలరైజరూ సరిపోతాయి.

కొత్తకెమెరా
చాలా థ్యాంక్స్ అండీ. ఫోకస్ ఎక్కడ పెట్టాలన్నదే ఇంకా తేలట్లేదు. అంతా షార్ప్‌గా రావాలని లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి ఎఫ్/22 పెడుతున్నాను.

కొండగాలి
ఎఫ్/22 వద్దు. అంత చిన్న రంధ్రంలోంచి వచ్చేసరికి వెలుగు పక్కలకు చెదిరి ఫోటో మొత్తం మెత్తబడుతుంది. మీ సెన్సర్‌కు ఎఫ్/8, మహా అయితే ఎఫ్/11. 18 ఎంఎం దగ్గర ఎఫ్/8 పెట్టి రెండు మీటర్ల దూరంలో ఉన్నదాని మీద ఫోకస్ చేయండి, మీటరు నుంచి అనంతం దాకా ఫర్వాలేదనిపించేలా వస్తుంది. మరీ కాళ్ల దగ్గరి పువ్వు కూడా కావాలంటే రెండు మూడు ఫోకస్‌లతో తీసి కలుపుకోవడమే. గాలి లేకపోతేనే సుమా.

ఎక్స్‌పోజర్‌కు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి, తెరను నమ్మకండి. చీకట్లో తెర వెలుగు కళ్లను మోసం చేస్తుంది.

ఎర్రమట్టి
వైడ్ లెన్స్ గురించి ఎవరూ కొట్లాడుకోలేదేంది, ఆశ్చర్యం. నేనైతే ల్యాండ్‌స్కేప్‌కి 70-200 వాడత, దూరంది దగ్గరికి గుంజే టెలీ లెన్స్. వైడ్ పెడితే దూరం కొండలు పురుగులంతయితయి. టెలీ పెట్టినవంటే ఒక గట్టు, దాని మీద నీడ, ఒక చెట్టు, అంతే, ఫోటో అయిపాయె.

గని నేను రాసేది వేరే ముచ్చట. మ్యాప్‌పిచ్చోడు అన్నా, దొరికిన జాగలకు మ్యాప్‌ల పిన్ పెడతవా, అందరికి కనవడేటట్టు? నేను పెట్ట. న్యూజిలాండ్‌ల వనాకా సరస్సు నీళ్లల్ల ఒంటిగ నిలవడ్డ చెట్టు ఉంటది, లోకమంత తీసిన్రు దాన్ని. 2020ల ఎవడో రంపం పట్టుకొచ్చి దాని కొమ్మలు కోసిండు. ఐస్‌లాండ్‌ల ఫ్యాద్రార్‌గ్ల్యూఫర్ లోయ ఒక మ్యూజిక్ వీడియోల కనవడ్డంక జనం ఎగవడ్డరు. గడ్డీ నాచూ అంత తొక్కి తొక్కి నాశనమైతే 2019ల కొన్నాళ్లు మూసేసిన్రు.

మ్యాప్‌పిచ్చోడు
పెడతాను తమ్ముడూ, కొన్నిటికి. రోడ్డు పక్కన రెయిలింగ్ కట్టిన వ్యూపాయింట్‌ను దాచిపెడితే ఎవరికి లాభం? నాచు నేల, గూళ్లు, పాడైపోయే రాతి కట్టడం ఉన్న చోట్లకు మాత్రం పిన్ ఉండదు. "ఆ ప్రాంతంలో" అని వదిలేస్తా. అడిగినవాళ్లకు చోటు చెప్పను, వెతికే పద్ధతి చెప్తా. ఆ పద్ధతి నేర్చుకునేంత ఓపిక ఉన్నవాడు నాచు తొక్కడని నా నమ్మకం.

ఎర్రమట్టి
నమ్మకం మంచిదే అన్నా. నాకంత లేదు.

కొండగాలి
ఈ పేచీ ఇక్కడ తేలేది కాదు గానీ, నాదొక సందేహం తీర్చండి. రెండు గుట్టల మధ్య సన్నటి సందు ఒకటి కనిపెట్టాను. సూర్యుడు అందులోంచి వస్తే అద్భుతంగా ఉంటుంది. కానీ అది నేను నిలబడే చోటు నుంచి జూన్ సూర్యోదయం కంటే కూడా ఇంకాస్త ఉత్తరానికి ఉంది. అంటే ఆ సందు నాకు దక్కనట్టేనా?

నీలిగంట
సూర్యుడు అక్కడికి ఎప్పటికీ రాడు. చంద్రుడు రావచ్చు!

భూమధ్యరేఖ నుంచి కొలిస్తే సూర్యుడి ఉత్తరపు హద్దు 23.4 డిగ్రీలు. చంద్రుడి హద్దు మాత్రం 18.6 ఏళ్ల చక్రంలో మారుతూ ఉంటుంది, ఒకప్పుడు 18.5 డిగ్రీల దగ్గరే ఆగిపోతే ఒకప్పుడు 28.5 దాకా వెళ్తాడు. 2024, 2025 ప్రాంతంలో ఆ చక్రం శిఖరం మీద ఉంది. ఇక తగ్గడమే. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు గనక, మీ సందుకు దగ్గరగా వచ్చేది డిసెంబరు పున్నమి.

రెండు సంగతులు మర్చిపోకండి. సూర్యచంద్రుల దారి చూపే ఫోన్ యాప్‌లు ఇచ్చే ఉదయపు దిక్కు చదునైన దిగంతానికి. మీ సందు అడుగే రెండు మూడు డిగ్రీల ఎత్తులో ఉంటే, చంద్రుడు అక్కడికి ఎక్కేలోగా పక్కకు జరిగిపోతాడు. ఉత్తరార్ధగోళంలో కుడివైపుకి. 45వ అక్షాంశంలో డిగ్రీ ఎత్తుకు డిగ్రీ పైచిలుకే పక్కకు. భూమధ్యరేఖ దగ్గర దాదాపు నిటారుగా లేస్తాడు గనక ఆ బాధ తక్కువ. రెండోది, పున్నమి రోజు కాకుండా ముందురోజు వెళ్లండి. చంద్రోదయం సగటున రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది గనక, ముందురోజు ఇంకా పగటి వెలుగు ఉండగానే లేస్తాడు. గుట్టలూ చంద్రుడూ ఒకే ఎక్స్‌పోజర్‌లో పడతాయి. మర్నాటికి గుట్టలు నల్లబడి చంద్రుడు తెల్ల బిళ్లలా మిగులుతాడు.

సందులో ఒక చెట్టునో మనిషినో పెట్టాలంటే కొలత కూడా ఉంది: దాని ఎత్తుకు దాదాపు 110 రెట్ల దూరం నుంచి చూస్తే అది చంద్రుడంత కనిపిస్తుంది. పది మీటర్ల చెట్టుకు కిలోమీటరు పైన వెనక్కి నడవాలి. తన వెడల్పంత జరగడానికి చంద్రుడికి రెండు నిమిషాలే పడుతుంది. కాబట్టి చోటు మార్చుకోవాలంటే పరుగే.

కొండగాలి
ఇది ఎవరూ చెప్పలేదండీ ఇన్నాళ్లూ. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి దగ్గర చంద్రోదయం తీసినప్పుడు వెలుగు కొలిచే మీటర్ దొరక్కపోతే చంద్రుడి వెలుగు అంకె గుర్తుండబట్టే ఎక్స్‌పోజర్ కట్టాడని చదివాను. ఆ ఫోటో తేదీని కూడా తర్వాత చంద్రుడి స్థానం లెక్కగట్టే నవంబర్ 1 అని తేల్చారు. మనం ఆ లెక్కే వెనక్కి తిప్పి చేస్తున్నాం అన్నమాట. సరే, ఒకవేళ ఈ రెండు మూడేళ్లూ డిసెంబర్లో మబ్బు పడితే?

నీలిగంట
మళ్లీ శిఖరం 2043 ప్రాంతంలో.

కొత్తకెమెరా
అయితే 2043కి ఏ బాడీ కొనమంటారు అండీ?

మూడోకాలు
ట్రైపాడ్ కొను. అప్పటికీ అదే ఉంటుంది.