‘దేహ విముక్తి’ అని రాస్తే ఎవరో పోయారనుకున్నారు: ‘ఒళ్లు’ మీద కాస్త చర్చ

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఒక మాట కోసం వెతుకుతున్నాను. మీ సాయం కావాలి.

బాగ్‌లింగంపల్లిలో మా అపార్ట్‌మెంట్ కింది హాల్లో నెలకో ఆదివారం పదిమంది ఆడవాళ్లం కూర్చుంటున్నాం. లావు అనో, బక్క అనో, నలుపు అనో చిన్నప్పటి నుంచి పడ్డ మాటలు చెప్పుకుంటాం. మొదట్లో ఇవన్నీ ఇన్‌స్టాగ్రామ్‌లో రాసేదాన్ని. లైకులు బాగానే వచ్చేవి. కానీ మా మెట్లు తుడిచే అక్క ఆ రాతలు ఒక్కటీ చూడలేదు. మాటలు మాత్రం రోజూ పడుతోంది. అందుకని ఒక కాగితం ప్రింట్ తీయించి లిఫ్ట్ పక్కన అంటించాను. ఏ ఒళ్లయినా మాటలు పడకుండా బతకాలనే ఆలోచనని ఇంగ్లిష్‌లో బాడీ లిబరేషన్ అంటారు కదా, దాన్ని ‘దేహ విముక్తి: రండి, కలిసి మాట్లాడుకుందాం’ అని రాశాను.

ఆ సాయంత్రమే మూడో అంతస్తు పెద్దావిడ తలుపు కొట్టి, గొంతు తగ్గించి అడిగారు. “ఎవరు పోయారమ్మా? పదో రోజు ఎప్పుడు?”

ఆవిడ తప్పేమీ లేదు. జీవన్ముక్తి, విదేహముక్తి అని విన్న చెవులు మనవి. మన దగ్గర విముక్తి అంటే దేహం ‘నుంచి’ దొరికేదే. మేం అడుగుతున్నది దేహా‘నికి’. ఇంగ్లిష్‌లో రెండు మాటలు పక్కపక్కన పెడితే పని జరిగిపోతుంది. తెలుగులో విభక్తి చెప్పక తప్పదు, అది చెప్పకపోతే అర్థం శ్మశానం వైపు వెళ్లిపోతుంది.

అప్పటి నుంచి ‘ఒళ్లు’ అనే మాటనే పట్టుకుని కూర్చున్నాను. దీని పాత రూపం ఒడలు. కన్నడ ఒడలు, తమిళ ఉడల్ దీని చుట్టాలే. కాళ్లు, కళ్లు లాగా బహువచనంలా కనిపిస్తుంది గానీ ‘ఒళ్లు మండింది’ అని ఏకవచనంలోనే వాడతాం. విభక్తి చేరగానే ఒంటికి, ఒంట్లో అయిపోతుంది.

నన్ను అన్నిటికంటే ఆపేసింది ‘చేయు’ అనే క్రియ. ‘నాకు జలుబు చేసింది’, ‘నాకు సుస్తీ చేసింది’ అంటాం. జబ్బు వచ్చి పడింది, నా తప్పు లేదు. లావైతే మాత్రం ‘నేను ఒళ్లు చేశాను’, ‘ఆవిడ ఒళ్లు చేసింది’. క్రియ అదే, కర్త మారిపోయింది. కాన్పు వల్ల వచ్చినా, థైరాయిడ్ వల్ల వచ్చినా, మందుల వల్ల వచ్చినా చేసింది మనమే! ఇంకో అడుగు ముందుకేస్తే ‘ఒళ్లు బలిసిందా’, ‘కొవ్వెక్కిందా’. అక్కడ లావు ఏకంగా పొగరైపోయింది.

అయినా ఇది మొదటి నుంచీ చెడ్డ మాట కాదు. సెలవులకి వెళ్లగానే మా అమ్మమ్మ నా దండచెయ్యి పట్టుకుని చూసి, “కాస్త ఒళ్లు చేశావే” అని మురిసిపోయేది. చిక్కిపోయి వెళ్తేనే ఆవిడకి దిగులు. అదే మాట పోయిన దసరాకి ఒక దర్జీ షాపులో విన్నాను. టేపు చుట్టి, లోపల రాసుకునే కుర్రాడికి వినపడేలా “నలభై ఆరు” అని అరిచి, “బాగా ఒళ్లు చేశారు మేడమ్, ఈ గుడ్డ సరిపోదు” అన్నాడు. షాపులో ఇంకో ఆరుగురున్నారు. నేను గుడ్డ అక్కడే వదిలేసి వచ్చేశాను. ఇంతవరకూ వెళ్లి తెచ్చుకోలేదు.

కాగితం మీద ఏం రాయమంటారు?

వరంగల్ నుంచి ఒక చెల్లెలు:
అక్కా, మా దిక్కు ఒళ్లు అనరు, పెయ్యి అంటరు. జెరమొస్తే పెయ్యి కాలుతున్నది, పని జేస్తే పెయ్యంత నొస్తున్నది. పాణం అని గూడ అంటరు. ‘పాణం మంచిగున్నదా’ అంటే మీ ‘ఒంట్లో బాగుందా’ అన్నట్టే. మాకు పాణం, పెయ్యి వేరు కాదు. హైదరాబాద్‌ల కాగితం అంటిస్తె మా మాట గూడ పెట్టుండ్రి.

ఒక మాస్టారు:
తెలంగాణలో లావుని దొడ్డు అంటారు, దొడ్డు బియ్యం, సన్న బియ్యం లాగా. అదే మాట ‘దొడ్డ మనసు’లో గొప్పతనం, ‘దొడ్డమ్మ’లో పెద్దరికం. కన్నడంలో దొడ్డ అంటే పెద్ద. మాట పుట్టినప్పుడు అందులో వెక్కిరింత లేదు తల్లీ, తర్వాత మనం పోసిందే.

మరొకరు:
అంతా బాగుంది గానీ ఆరోగ్యం సంగతేంటండీ? షుగర్, బీపీ ఉన్నవాళ్లని కూడా అలాగే ఉండమంటారా?

నా జవాబు:
షుగర్ పరీక్ష మానుకోమని మా హాల్లో ఎవరూ అనలేదండీ. ఇద్దరు ఇన్సులిన్ వేసుకుంటున్నారు కూడా. మా బాధ వేరు. గొంతు నొప్పని డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు బరువు చూసే మాట మొదలుపెడితే, రెండోసారి వెళ్లడానికే టెన్షన్. బరువుని ఎత్తుతో పోల్చి చూసే ఆ బీఎంఐ లెక్కకి మూలం 1830లలో బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త కెట్లే వేసిన సూత్రం. ఆయన వెతికింది జనాభాలో ‘సగటు మనిషి’ని, ఒక్కొక్కరి జబ్బుని కాదు. బీఎంఐ అనే పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ పెట్టాడు. డాక్టర్‌కి అది ఒక కొలత. పెళ్లి భోజనంలో పక్క విస్తరి దగ్గర కూర్చున్నవాళ్లకి దానితో ఏం పని?

లావు మనుషుల గౌరవం కోసం ఈ ఉద్యమం అమెరికాలో మొదలైంది కూడా ఫోన్లో కాదు. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఐదొందల మంది దాకా చేరి డైట్ పుస్తకాలు తగలబెట్టారు. 1973లో లాస్ ఏంజిలిస్‌లో జూడీ ఫ్రీస్పిరిట్, ఆల్డెబరాన్ అనే ఇద్దరు ఒక ప్రకటన రాశారు. లావు మనుషులకి అందరితో సమానంగా గౌరవం దక్కాలని అందులో అడిగారు.

ఇక కాగితం మీదకి హీలింగ్ అనే ఇంగ్లిష్ మాటకి కూడా తెలుగు వెతికాం. ‘స్వస్థత’ అంటే మా వాళ్లకి ప్రార్థన కూటాలు గుర్తొచ్చాయి. ‘నయం’ అంటే మందు. చివరికి అందరికీ నచ్చింది ‘కుదుటపడటం’. జ్వరం తగ్గిన మనిషీ కుదుటపడుతుంది, మనసూ కుదుటపడుతుంది.

నిన్న మీ జవాబులన్నీ హాల్లో చదివి వినిపించాను. ‘పెయ్యి’ దగ్గరికి రాగానే మెట్లు తుడిచే అక్క మొదటిసారి నోరు విప్పింది. మూడు సమావేశాల నుంచి గోడకి ఆనుకుని నిలబడే ఉండేది, కూర్చోమంటే వద్దనేది. “నా పెయ్యి జోలికి రావద్దని రాయుండ్రి” అంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో ఆమె పట్టదు. ఒకసారి ఎవరింట్లోనో ఇరుక్కుని, లేస్తుంటే కుర్చీ కూడా లేచిందట. అందరూ నవ్వారట. మేం ఒళ్లు గురించి మూడు నెలలుగా మాట్లాడుతూ ఆ కుర్చీల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

కొత్త కాగితం ఇవాళ పొద్దున అంటించాను: ‘మా ఒంటి జోలికి, మా పెయ్యి జోలికి రావద్దు. కలిసి కుదుటపడదాం, రండి. ఆదివారం సాయంత్రం 4 గంటలకి. చేతుల్లేని కుర్చీలు ఉన్నాయి.’