శొంఠి పట్టు వేస్తే నుదురు కమిలిపోతోంది, ఎక్కడ తేడా వస్తోంది?

గోదారిగట్టు:
ఇంట్లో పెద్దవాళ్ళకి తలనొప్పి వస్తే శొంఠి పట్టు వేస్తున్నాం. అరగంట ఉంచితే నొప్పి లాగేస్తోంది గానీ, నుదురు ఎర్రగా కమిలి రెండోరోజుకి నల్లమచ్చ పడుతోంది. వాడుతున్నది పొడి కాదు, కొమ్మునే అరగదీస్తున్నాం. ఎంతసేపు ఉంచాలి? జలుబు తలనొప్పికి వావిలాకు ఆవిరి పట్టమని కూడా అంటున్నారు. చెట్టుని ఎలా గుర్తుపట్టాలి, ఎంత ఆకు వేయాలి? తెలిసినవాళ్ళు కొలతలతో చెప్పండి.

సానరాయి:
అరగంట చాలా ఎక్కువండి. పది నిమిషాలు, మహా అయితే పావుగంట. పట్టు ఎండి బిగుసుకున్నాక గోకి తీస్తే, అప్పటికే మండిపోయి ఉన్న చర్మం పైపొర లేచిపోతుంది, మచ్చ అక్కడే పడుతుంది. తడిగుడ్డ రెండు నిమిషాలు పరిచి, మెత్తబడ్డాక తుడవండి.

శొంఠి పచ్చి అల్లం కంటే ఘాటు. అల్లం ఎండేటప్పుడు అందులోని జింజరాల్ అనే కారపు పదార్థం కొంత షోగాల్ అనే ఇంకో పదార్థంగా మారుతుంది, దాని కారం ఇంకా ఎక్కువ. మీ కొమ్ము రంగు కూడా చూడండి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే నిజంగా సున్నం పట్టించిన సరుకే. పురుగు పట్టకుండా, చూడ్డానికి తెల్లగా ఉండేలా అలా చేస్తారు. ఆ సున్నం చర్మానికి తగిలితే మంట పెరుగుతుంది. మట్టిరంగు కొమ్ము ఏరుకోండి, లేదంటే పైపొర చాకుతో గీకేసి, కడిగి ఆరబెట్టి వాడండి.

సాన మీద నాలుగైదు చుక్కల నీళ్ళు వేసి బొట్టు గంధమంత చిక్కగా తీయండి. ఒక మనిషికి అర చెంచా చాలు. ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి పది నిమిషాలు చూడాలి. అక్కడ భరించలేకపోతే నుదుటికి వద్దే వద్దు. కనుబొమలకి ఒక వేలు మందాన పైన ఆపేయండి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టండి. కూర్చుంటే చెమటతో కలిసి కంట్లోకి దిగుతుంది. దిగితే నలపకుండా, మంచినీళ్ళు ధారగా పోస్తూ కడగాలి. ఇప్పుడున్న మచ్చ పూర్తిగా మానేదాకా పట్టు ఆపేయండి.

వాగొడ్డు:
వావిలి వాగుల పక్కన, పొలం గట్ల మీద పెరిగే పొద. ఒక్కో కాడకి ఐదు ఆకులు, కొన్నిటికి మూడే, చేతివేళ్ళలా విచ్చుకుని ఉంటాయి. ఆకు పైన ముదురాకుపచ్చ, అడుగున బూడిద తెలుపు. పూలు లేత ఊదా. నలిపితే ఘాటు వాసన రావాలి. రాకపోతే ఆ ఆకు కోయకండి. మిరప, పత్తి చేల గట్ల మీదైతే ఈమధ్య మందు కొట్టారేమో అడిగి మరీ కోయండి, ఇది చాలామంది పట్టించుకోరు.

రెండు లీటర్ల నీళ్ళకి రెండు గుప్పెళ్ళ ఆకు. నీళ్ళు మరిగాక ఆకు వేసి, మూతపెట్టి, ఐదు నిమిషాలకే దించాలి. మూత లేకుండా అరగంట మరిగిస్తే ఆకులోని తైలం వంటింటికే పోతుంది, మీకు మిగిలేది ఉత్త వేడి ఆవిరి. గిన్నెని మంచం మీదో ఒళ్ళోనో కాదు, నేల మీద కదలకుండా పెట్టండి. మూడు నిమిషాలు ఆగి, దుప్పటి కప్పుకుని, ముఖం జానెడున్నర ఎత్తున ఉంచి ఐదు నుంచి పది నిమిషాలు. పిల్లలకి వద్దు, గిన్నె ఒరిగితే ఒళ్ళు కాలుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆ ఘాటుకే ఆయాసం రావచ్చు. కర్పూరం బిళ్ళ కలిపే అలవాటు కూడా మానండి, పసివాళ్ళు మింగితే ఫిట్స్ వస్తాయి.

ఇది ముక్కు దిబ్బడతో వచ్చే నొప్పికే. ఎండదెబ్బ తలనొప్పికి ఆవిరి పడితే ఇంకా పెరుగుతుంది. దానికి నీడ, ఉప్పేసిన మజ్జిగ, లేదా ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళతో కలిపిన ఓఆర్‌ఎస్.

గోదారిగట్టు:
కొమ్ము తెల్లగానే ఉందండి, అదే కారణమై ఉంటుంది. పార్శ్వపు నొప్పికి ఎదురు చెవిలో ఆకు పసరు పిండటం, కణతల మీద నల్లజీడితో చుక్కలు పెట్టడం చేస్తున్నారు. అవి చేయొచ్చా?

ఊరి నర్సు:
రెండూ వద్దు. పసరుతో పాటు మట్టి, క్రిములూ చెవిలోకి పోతాయి. కర్ణభేరికి ముందే చిల్లు ఉంటే చీము పడుతుంది. నల్లజీడి రసం చర్మాన్ని కాల్చి పొక్కులెక్కిస్తుంది. పడనివాళ్ళకి ముఖమంతా వాచిపోతుంది. జిల్లేడు పాలు కణతలకి రాయడం కూడా అంతే ప్రమాదం, కంట్లో పడితే చూపు మసకబారుతుంది. పార్శ్వపు నొప్పికి చీకటి గది, నుదుటి మీద చల్లటి తడిగుడ్డ, నిద్ర మేలు. నొప్పి బిళ్ళలు నెలకి పది, పదిహేను రోజులు వాడేస్తుంటే ఆ బిళ్ళల వల్లే తలనొప్పి వస్తుంటుంది.

ఉన్నట్టుండి భరించలేనంతగా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం, దెబ్బ తగిలాక వాంతులు, ఐదో నెల దాటిన గర్భిణికి తలనొప్పితో కళ్ళు మసకలు, వీటిలో ఏది కనపడినా పట్టూ ఆవిరీ అని ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

మీరు పెద్దవాళ్ళకి అన్నారు కాబట్టి ఇంకొకటి. యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పికి ముందు బీపీ చూపించి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. కన్ను ఎర్రబడి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనపడుతూ, కంటి వెనక నుంచి నొప్పి వాంతితో వస్తే అది కంట్లో ఒత్తిడి పెరిగిన నొప్పి కావచ్చు. గంటల్లోనే చూపు పోయే ప్రమాదం ఉంది, అదేరోజు కంటి ఆస్పత్రికి చేర్చాలి.