ఉచితంగా రాసే డెవలపర్ "ఈ ఫీచర్ చేయను" అంటే తప్పు పట్టొచ్చా?

గాంధీరోడ్డు_డీటీపీ
తిరుపతిలో, చిత్తూరులో డీటీపీ షాపుల్లో పెండ్లి పత్రికలు, కరపత్రాలు, సావనీర్లు ఇప్పటికీ చాలావరకు అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు), పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లోనే నడస్తా ఉండాయి. ఏండ్ల తరబడి చేసిన ఫైళ్ళన్నీ దాంట్లోనే ఉండాయి. అను టెక్స్ట్ పేస్ట్ చేస్తే దానంతట అదే యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటరైనా చదవగలిగే ఉమ్మడి అక్షర కోడ్) మారాలని ఒక ఉచిత పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ వాళ్ళను అడిగితే, "ఇది మా పరిధిలోకి రాదు" అని ఒక్క లైను రాసి ఇష్యూ (మేం పెట్టిన అభ్యర్థన) మూసేసినారు. వాడేవాళ్ళు లేనప్పుడు సాఫ్ట్‌వేర్ ఎవరికి? జీతం తీసుకోలేదు కాబట్టి మాట వినక్కర్లేదనడం సబబేనా? రెండు వైపులా చెప్పండి.

కట్టమంచి_కోడ్
అన్నా, వాళ్ళు ఈ పని ఎందుకు చేస్తారో ముందు చూద్దాం. 2005లో వెలువడిన లఖానీ, వుల్ఫ్‌ల అధ్యయనంలో 684 మంది ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) డెవలపర్లను ఇదే అడిగారు. అన్నిటికన్నా బలంగా కనబడిన కారణం పని చేస్తున్నప్పుడు కలిగే సృజన ఆనందం. సొంత అవసరం, కోడ్ రాయడంలో బుద్ధికి దొరికే మేత, నైపుణ్యం పెంచుకోవడం కూడా పైవరుసలోనే ఉన్నాయి. మనం అడిగిన పనిలో వీటిలో ఏది ఉంది? వాళ్ళకు అను ఫైళ్ళు లేవు. ఫాంటు అమ్మకపు సరుకు కాబట్టి రిపాజిటరీలో (అందరికీ తెరిచి ఉన్న కోడ్ నిల్వలో) పెట్టుకోలేరు. తెలుగు చదవలేరు, అందుకని ఫలితం సరిగ్గా ఉందో లేదో తేల్చుకోలేరు.

పని కూడా చిన్నది కాదు. "స్త్రీ" తీసుకోండి. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం, మొత్తం ఆరు కోడ్లు, పలికే వరుసలో. పాత ఫాంట్లలో కంటికి కనబడే వరుస: ముందు "సీ", తర్వాత త ఒత్తు, ర ఒత్తు. ఒక పట్టిక పెట్టి కోడుకు కోడు మారిస్తే "సీ్త్ర" వస్తుంది. వెబ్‌లో పాత వార్తల పేజీల్లో ఈ రూపం మీరు చూసే ఉంటారు. కాబట్టి మార్చిన తర్వాత అక్షరం అక్షరంగా విడగొట్టి, గుణింతాన్ని ఒత్తుల తర్వాతికి జరపాలి. దీనికి తోడు అను వెర్షన్లలో కోడ్లన్నీ ఒక్కటి కావు. ఇక పేస్ట్ చేసినప్పుడు ఏ ముక్క ఏ ఫాంటులో ఉందన్న సమాచారం పోతుంది. మధ్యలో ఉన్న ఇంగ్లీషు పేరు, ఫోన్ నంబరు కూడా తెలుగు అనుకుని మార్చేస్తుంది. పెండ్లి పత్రికలో అంతకన్నా నష్టం ఏముంది?

బాలాజీకాలనీ_వెబ్
కారణాలన్నీ నిజమే. అయితే అందులో ఒక్క ముక్క కూడా వాళ్ళు రాయలేదు కదా! నా అభ్యంతరం అక్కడే. వెబ్‌సైటు పెట్టి, డౌన్‌లోడ్ బటన్ పెట్టి, "ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు బదులు ఇది వాడండి" అని పిలిచినవాళ్ళకు కొంత బాధ్యత ఉంటుంది. ఏం చేస్తామో, ఏం చేయమో ముందే రాసిపెట్టాలి. కాదన్నప్పుడు రెండు వాక్యాల కారణం చెప్పాలి.

ఇంకోటి. "సొంత అవసరం ఉన్నవాడే రాస్తాడు" అన్న సూత్రాన్నే పట్టుకుంటే తెలుగు ఎప్పుడూ వరుసలో చివరే. మన అవసరం వాళ్ళ అవసరం ఎన్నటికీ కాదు.

కట్టమంచి_కోడ్
స్క్రైబస్ అనే ఉచిత పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో జరిగింది దానికే జవాబు. అరబిక్, భారతీయ లిపులు సరిగ్గా పడటం లేదని ఏండ్ల తరబడి అడుగుతూ వచ్చారు, పని కదల్లేదు. ఒమన్ నుంచి ఒక డెవలపర్ల బృందం వచ్చి, అరబిక్ కోసం ఆ పనిని భుజాన వేసుకుంది. 2017లో 1.5.3 వెర్షన్‌లో అది చేరింది. దాంతోపాటే తెలుగు ఒత్తులు కూడా కుదురుకున్నాయి. పని చేసే చేతులు వచ్చాక కదిలింది.

జావా_చిత్తూరు
కాదనడం వాళ్ళ హక్కే కాదు, పనిలో ముఖ్యభాగం అని నేనంటాను. లాగ్‌ఫోర్‌జే సంగతి చూడండి, జావా ప్రోగ్రాముల్లో జరిగినవి నమోదు చేసే ఉచిత కోడ్ అది. జేఎన్‌డీఐ లుకప్ అనే సౌకర్యం (బయటి సర్వర్ నుంచి సమాచారం తెచ్చుకునేది) 2013లో ఒక వాడుకరి అడిగి, ప్యాచ్ (దానికి కావాల్సిన కోడ్) కూడా పంపితే చేరింది. అప్పుడు ఎవరికీ తప్పుగా కనబడలేదు. 2021 డిసెంబరులో ప్రపంచమంతా సర్వర్లను వణికించిన రంధ్రం అదే. తీవ్రత 10కి 10. వేతనం లేని కొద్దిమంది రాత్రింబగళ్ళు కూర్చుని 2.15.0, 2.16.0, 2.17.0 వరసగా విడుదల చేయాల్సి వచ్చింది. అడిగినవాళ్ళు ఆ రాత్రి మేలుకోవాలని ఎవరూ అనరు.

ఫీచర్ రాయడానికి రెండు సాయంత్రాలు చాలు. ఆ తర్వాత ప్రతి విడుదలకూ దాన్ని పరీక్షించాలి. ఆన్/ఆఫ్ ఆప్షన్లు ఐదుంటే 32 కలయికలు, ఆరోది చేర్చితే 64. ఈ బరువు ఇష్యూ పేజీలో కనబడదు.

ఒత్తిడి మాట కూడా చెప్పాలి. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఉచిత ప్రాజెక్టును ఒక డెవలపర్ దాదాపు ఒక్కడే నడుపుతుండగా, "ఆలస్యం చేస్తున్నావు, ఇంకొకరికి అప్పజెప్పు" అని కొన్ని ఖాతాల నుంచి వెంటబడ్డారు. ఆ ఒత్తిడి మధ్య నమ్మకం సంపాదించి లోపలికి వచ్చిన మరో ఖాతా నుంచే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. 2024 మార్చిలో బయటపడింది. "నాకు తీరిక లేదు" అన్న మనిషిని నిలబెట్టి అడగడం ఎంత దూరం పోతుందో అందరూ తెలుసుకోవాలి.

బాలాజీకాలనీ_వెబ్
ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. ఎండాకాలం చలివేంద్రం పెట్టినాయన్ను మజ్జిగ ఎందుకివ్వవని అడగలేం. కుండలో పురుగులు పడితే మాత్రం అడగొచ్చు. ఫీచర్ వేరు, భద్రతా లోపం వేరు. లైసెన్సులో "ఏ హామీ లేదు" అని ఉన్నా సరే, లోపం తెలిశాక "ఇది వాడకండి" అని రాయకుండా ఊరుకుంటే తప్పే.

జావా_చిత్తూరు
అంతవరకు ఒప్పుకుంటాను. కానీ 60 రోజులు ఎవరూ పలకకపోతే బాట్ (తనంతట తాను నడిచే ప్రోగ్రాం) వచ్చి ఇష్యూ మూసేయడాన్ని మీరు అవమానం అంటారు, నేను పారిశుద్ధ్యం అంటాను. అక్కడ మనిద్దరికీ కుదరదు.

ఎస్వీయూ_లిపి
గాంధీరోడ్డు అన్నకు పనికొచ్చే దారి చెప్తాను. లేఅవుట్ సాఫ్ట్‌వేర్ లోపలికి దీన్ని తోయాలని చూడొద్దు. విడిగా ఒక చిన్న కన్వర్టర్ కావాలి. టెక్స్ట్ పేస్ట్ చేయకుండా ఆర్‌టీఎఫ్ ఫైలు ఇవ్వండి. అందులో ఫాంటు పేరు ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు ముక్కలు వేరవుతాయి. బయటికి యూటీఎఫ్-8లో యూనికోడ్ పాఠం వస్తే ఏ సాఫ్ట్‌వేర్ అయినా తీసుకుంటుంది. స్క్రైబస్‌కు పైథాన్ స్క్రిప్టు పెట్టుకునే వీలుంది, వాళ్ళ అనుమతి అక్కర్లేదు.

మీరు ఇవ్వగలిగింది, ఇంకెవరూ ఇవ్వలేనిది పరీక్ష సరుకు. ఒక 20 లైన్లు చాలు. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, కార్తీక్, సాఫ్ట్‌వేర్ లాంటి మాటలు తప్పక ఉండాలి. ప్రతి లైనుకూ మూడు: అసలు అను ఫైలు (వెర్షన్ రాసి), అది అచ్చులో ఎట్లా కనబడాలో పీడీఎఫ్, చేత్తో టైపు చేసిన యూనికోడ్ పాఠం. పత్రికల్లోంచి తీస్తే పేర్లు, ఫోన్ నంబర్లు మార్చేయండి. "సాఫ్ట్‌వేర్"లో ట తర్వాత పొల్లు, దాని వెనక కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరం (తర్వాతి హల్లు ఒత్తుగా కలవకుండా ఆపేది) ఉంటుంది, అది పోతే "సాఫ్ట్వేర్" అయిపోతుంది. ఆ ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందంటే, 2018 ఫిబ్రవరిలో "జ్ఞ", "ా" మధ్య అది పడితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. వేల మంది జీతగాళ్ళున్న చోటే అట్లా జారిపోయింది.

పది షాపులు కలిసి డబ్బు పోగేసి ఒక విద్యార్థికి ఇవ్వడం కూడా మంచిదే. కాగితం మీద రెండు రాసుకోండి: కోడ్ ఏ ఉచిత లైసెన్సులో ఉంటుంది, ఒక సంవత్సరం తప్పులు ఎవరు దిద్దుతారు.

గాంధీరోడ్డు_డీటీపీ
ఒక్క లైను జవాబు సరికాదన్న మాట మీద నేను నిలబడే ఉండా. మిగతాది ఒప్పుకుంటా. అను 6, అను 7 రెండింటిలోనూ ఆ మాటలతో ఫైళ్ళు తయారుచేసి పెడతాం. క్రావడి, వట్రసుడి వచ్చే మాటలు కూడా కలపమంటారా, లేక మొదటి విడతకు 20 లైన్లతో ఆపాలా?

ఎస్వీయూ_లిపి
కలపండి. "సృష్టికర్త", "ప్రకృతి", "నిష్క్రమణ" వేయండి. ముందు తప్పేవి అవే.